జనవరి తీర్మానం ఫిబ్రవరికి నిలవకపోతే: విశ్వాసాన్ని మళ్లీ ఎక్కడ మొదలుపెట్టాలి

మీ ప్రశ్న రెండుమూడు సార్లు చదివాను. ప్రతి డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో కన్నీళ్లతో తీర్మానం చేసుకుంటున్నారు. తెల్లవారుజామునే లేచి ప్రార్థిస్తాననీ, ఈ ఏడాది బైబిల్ మొత్తం చదువుతాననీ దేవునికి మాట ఇస్తున్నారు. ఫిబ్రవరి వచ్చేసరికి అందులో ఏదీ మిగలడం లేదు. ఆరేళ్లుగా ఇదే జరిగింది. ఈసారి మళ్లీ మాట ఇవ్వాలంటేనే సిగ్గుగా ఉంది, కొత్త సంవత్సరాన్ని విశ్వాసంలో నిజంగా కొత్తగా ఎలా మొదలుపెట్టాలి అని అడిగారు.

నేను పాస్టర్‌ని కాను. 28 ఏళ్లుగా సంఘంలో బైబిల్ క్లాసు చెబుతున్నాను, సంఘ పెద్దగా కూడా ఉన్నాను. ప్రతి జనవరిలో మీ మాటే ఎవరో ఒకరు నాతో అంటారు. చాలాసార్లు అందరూ వెళ్లిపోయాక, కుర్చీలు సర్దుతున్నప్పుడు, గొంతు తగ్గించి అంటారు. కాబట్టి మీరొక్కరే ఇలా ఉన్నారని అనుకోకండి.

ముందు ఆ సిగ్గు సంగతి మాట్లాడదాం. మీ మనసులో ప్రసంగి 5వ అధ్యాయం తిరుగుతూ ఉండొచ్చు. మ్రొక్కుకుని చెల్లించకపోవడం కంటే మ్రొక్కుకోకపోవడమే మేలు అని అక్కడ ఉంది. ఆ మాట మిమ్మల్ని గుచ్చుతోందంటే మీ మనస్సాక్షి ఇంకా మెత్తగానే ఉంది. దాన్ని నేను తేలిక చేయను. అందుకే నా మొదటి సలహా ఇది: ఈ ఏడాది దేవునికి కొత్తగా ఏ మాటా ఇవ్వకండి. ఏడాదికి సరిపడా మాట అసలే వద్దు. ఆయన మాట ఇచ్చిన చోటికి వెళ్లి నిలబడండి, ఆ రోజు చేయాల్సిన పని ఒక్కటి చేయండి. విశ్వాసం రోజు లెక్కన కొత్తదవుతుంది. నేను చెప్పబోయేదంతా దీని చుట్టూనే ఉంటుంది.

కొత్త సంవత్సరం ఆరాధనల్లో విలాపవాక్యములు 3వ అధ్యాయం తరచుగా వినిపిస్తుంది. "అనుదినము నూతనముగా ఆయనకు వాత్సల్యత పుట్టుచున్నది" అన్న మాట మీకూ కంఠతా వచ్చి ఉంటుంది. ఆ మొదటి పదం దగ్గర ఒక్కసారి ఆగండి. అనుదినము. ఆ మాట రాసినవాడు పండుగ రోజున కూర్చుని రాయలేదు. క్రీ.పూ. 586లో బబులోను సైన్యం యెరూషలేమును నేలమట్టం చేసింది, దేవాలయం కాలిపోయింది, పిల్లలు వీధుల్లో ఆకలితో సొమ్మసిల్లిపోయారు. ఆ బూడిదలో కూర్చుని ఒకడు ఏడుస్తూ రాసిన ఐదు అధ్యాయాల పుస్తకం అది. ఈ వచనం దాదాపు ఆ పుస్తకం నడిమధ్యలో ఉంది. దానికి ముందూ ఏడుపే, తర్వాతా ఏడుపే. పరిస్థితి మారలేదు. అయినా తెల్లారింది, తెల్లారితే దేవుని జాలి కూడా కొత్తగా ఉంది. ఆ మనిషి పట్టుకున్నది అంతే. మీరు పోయిన ఫిబ్రవరి 9న లేవలేకపోయిన ఉదయం కూడా ఆ లెక్కలోకే వస్తుంది.

అరణ్యంలో దేవుడు ఇశ్రాయేలీయులకు ఇచ్చిన ఆహారం, మన్నా కూడా ఇలాగే ఉండేది. నిర్గమకాండము 16లో ఏ రోజుది ఆ రోజే ఏరుకోమన్నాడు. రేపటికి దాచుకున్నవాళ్లది పురుగు పట్టి కంపు కొట్టింది. విశ్రాంతి దినానికి ముందు రోజు మాత్రం రెండింతలు దొరికేది, అది పాడవలేదు. డిసెంబర్ 31 రాత్రి మనం చాలామందిమి ఏడాదికి సరిపడా మన్నా ఒకేసారి ఏరుకోవాలని చూస్తాం. ఆ రాత్రి ఏడ్చిన కన్నీళ్లు అబద్ధం కాదు, అవి ఆ రాత్రి ఆహారం. జనవరి 20కి వేరే ఆహారం కావాలి. ప్రభువు నేర్పిన ప్రార్థనలో కూడా "మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము" అనే ఉంది. 90వ కీర్తనలో మోషే "మా దినములు లెక్కించుటకు మాకు నేర్పుము" అని అడిగాడు. సంవత్సరాల మాట అదే కీర్తనలో ఉంది, డెబ్బయి, ఎనభై అని. కానీ లెక్కపెట్టడం నేర్పమని అడిగింది దినాలు.

సంఘ చరిత్రలో దీన్ని బాగా పట్టుకున్నవాళ్లు మొరేవియన్లు అనే క్రైస్తవ సమూహం. జర్మనీలోని హెర్న్‌హూట్ అనే చిన్న ఊళ్లో, 1728 మే నెలలో వాళ్ల నాయకుడు జిన్‌జెన్‌డార్ఫ్ మరుసటి రోజు కోసం ఒక చిన్న మాట ఇచ్చాడు. అప్పటినుంచి ఏ రోజుకు ఆ రోజు ఒక మాట ఇంటింటికీ తీసుకెళ్లి చెప్పేవాళ్లు. 1731 నుంచి దాన్ని అచ్చు వేయడం మొదలుపెట్టారు, ఇప్పటికీ ఆగలేదు. ఉదయాన్నే ఒకరు తలుపు తట్టి, ఈ రోజు మాట ఇది అని చెప్పి, ఆ ఇంట్లోవాళ్లు ఎలా ఉన్నారో చూసి వెళ్లడం ఎంత మంచి పని! ఈ విషయం మళ్లీ చివర్లో అవసరమవుతుంది.

ఇక మీ ప్రశ్నకు బైబిల్లో నాకు తెలిసిన అతి దగ్గరి జవాబు 2 దినవృత్తాంతములు 29, 30 అధ్యాయాల్లో ఉంది. యూదా రాజు హిజ్కియా కథ. ఎందుకో కొత్త సంవత్సరం ప్రసంగాల్లో దీన్ని ఎక్కువగా వినను, అది నాకు బాధగా ఉంటుంది. మీరు ఈ జవాబులో ఒక్కటే గుర్తుపెట్టుకోగలిగితే ఇదే గుర్తుపెట్టుకోండి.

హిజ్కియా తండ్రి ఆహాజు దేవాలయం తలుపులు మూసేశాడు. దీపాలు ఆరిపోయాయి, ధూపం ఆగిపోయింది, బలులు ఆగిపోయాయి. లోపల అపవిత్రమైనవి పేరుకుపోయాయి. హిజ్కియా 25 ఏళ్ల వయసులో రాజయ్యాడు. ఏలుబడి మొదటి సంవత్సరం మొదటి నెలలోనే ఆ తలుపులు తెరిచి బాగుచేయించాడు. మొదటి నెల మొదటి రోజున శుద్ధి చేయడం మొదలుపెట్టారు. అది మన జనవరి ఒకటి కాదు, వాళ్ల అబీబు నెల మొదటి రోజు. అయినా వాళ్లకు అది సంవత్సరారంభమే.

ఏం చేశారో చూడండి. ముందు కొత్తవేవీ లోపలికి తేలేదు. యాజకులు లోపలి గదిలోకి వెళ్లి, అక్కడున్న చెత్తంతా ఆవరణంలోకి మోసుకొచ్చారు. దేవాలయ సేవ చేసే లేవీయులు దాన్ని ఎత్తుకుని కిద్రోను వాగుకు తీసుకెళ్లి పారేశారు. ఎనిమిదో రోజుకు మంటపం దగ్గరకు వచ్చారు. ఇంకో ఎనిమిది రోజులు పట్టింది. 16వ రోజుకు పూర్తయింది. ఒక్క రాత్రిలో కాలేదు. తలుపు ఒక్క రోజులో తెరుచుకుంది, చెత్త బయటికి వెళ్లడానికి 16 రోజులు పట్టింది.

మన తీర్మానాలన్నీ చేర్చేవే. ఇంత చదువుతాను, ఇన్ని గంటలు ప్రార్థిస్తాను, ఇన్ని ఉపవాసాలు ఉంటాను. నిండిపోయిన గదిలోకి మంచి సామాను తెస్తే పెట్టడానికి చోటుండదు. అందుకని మొదటి వారంలో కొత్త అలవాటు ఏదీ పెట్టుకోకుండా, ఒక కాగితం తీసుకుని రెండు విషయాలు రాయండి. ఏ తలుపు ఎప్పుడు మూసుకుపోయింది? లోపల ఏం పేరుకుంది? రెండో ప్రశ్నకు నిజం రాయాలి. రాత్రి ఒంటిగంట దాకా ఫోన్ చూడటం కావచ్చు. ఎవరికీ చెప్పని పాపం కావచ్చు. తీర్చకుండా తప్పించుకు తిరుగుతున్న అప్పు కావచ్చు. ఒక మనిషి మీద కోపం కావచ్చు. ప్రకటన గ్రంథంలో ఎఫెసు సంఘంతో ప్రభువు అన్నది కూడా ఇదే క్రమంలో ఉంది. నీవు ఏ స్థితిలోనుంచి పడ్డావో జ్ఞాపకం చేసుకో, మారుమనస్సు పొందు, ఆ మొదటి క్రియలు చేయి అన్నాడు. మొదటి ప్రేమ వదిలేశావు అన్నవాడు, ఆ మొదటి అనుభూతి తెచ్చుకో అనలేదు. క్రియలు చేయమన్నాడు. అనుభూతి కోసం కాచుకుని కూర్చుంటే నెలలు గడిచిపోతాయి.

కోపం గురించి నా సొంత సంగతి ఒకటి చెబుతాను. కొన్నేళ్ల కిందట సంఘంలో ఒక సోదరుడికీ నాకూ మాట పట్టింపు వచ్చింది. 14 నెలలు మాట్లాడుకోలేదు. ఆ 14 నెలలూ నేను క్లాసు చెబుతూనే ఉన్నాను, ప్రార్థన చేస్తూనే ఉన్నాను, లోపల మాత్రం అంతా ఎండిపోయి ఉండేది. ఎందుకని దేవుణ్ణి అడిగేవాణ్ణి కూడా. ఒకరోజు క్లాసు కోసం మార్కు 11 సిద్ధం చేసుకుంటుంటే 25వ వచనం దగ్గర చేయి ఆగిపోయింది. మీరు నిలబడి ప్రార్థన చేసేటప్పుడెల్లా ఎవరిమీదనైనా విరోధం ఉంటే క్షమించండి అని ఉంది అక్కడ. ఆ వచనం మీద నేను అంతకుముందు ఎన్నోసార్లు క్లాసు చెప్పాను.

ఆ సాయంత్రమే వాళ్లింటికి వెళ్లాను. బెల్ మీద వేలు పెట్టి, నొక్కకుండా చాలాసేపు నిలబడ్డాను. లోపల టీవీ చప్పుడు వినిపిస్తోంది. ఏం మాట్లాడాలో అనుకున్నవన్నీ మర్చిపోయాను. తలుపు తీసింది ఆయనే. నన్ను చూసి ఒక్క క్షణం ఏమీ అనలేదు. "తప్పు నాది కూడా ఉంది తమ్ముడూ" అన్నాను. "లోపలికి రండి అన్నయ్యా" అన్నాడు, అంతే. ఎవరిది ఎంత తప్పు అన్న లెక్క ఆ రోజు తేలలేదు, ఇప్పటికీ తేలలేదు. కానీ ఆ రాత్రి ప్రార్థనకు మోకరిస్తే, 14 నెలల తర్వాత మొదటిసారి నా మాటలు నాకే అరువు మాటల్లా అనిపించలేదు. కాబట్టి మీ కాగితం మీద ఒక మనిషి పేరు ఉంటే, బైబిల్ పఠన పట్టిక కంటే ముందు ఆ పేరు చూడండి. అర్పణను బలిపీఠం దగ్గరే వదిలేసి ముందు వెళ్లి సమాధానపడమని ప్రభువే చెప్పాడు. అయితే ఒక జాగ్రత్త. మిమ్మల్ని కొట్టినవాళ్లు, హింసించినవాళ్లు ఉంటే క్షమించడం వేరు, వాళ్ల గుమ్మం ఎక్కడం వేరు. అలాంటి చోటికి ఒంటరిగా వెళ్లకండి.

ఇప్పుడు బైబిల్ చదవడం. బైబిల్లో 1,189 అధ్యాయాలున్నాయి, పాత నిబంధనలో 929, కొత్త నిబంధనలో 260. ఏడాదిలో పూర్తి చేయాలంటే రోజుకు మూడు నుంచి నాలుగు అధ్యాయాలు. ఆదికాండము 50, నిర్గమకాండము 40, కలిపి 90 అధ్యాయాలు. ఈ వేగంతో చదివితే జనవరి 28 ప్రాంతంలో లేవీయకాండములో అడుగు పెడతారు. మీరు ఫిబ్రవరిలో ఆగిపోవడానికి మీ భక్తి తక్కువై ఉండటం ఒక్కటే కారణం అనుకోకండి. కథలు నడిచిన పుస్తకాల తర్వాత బలుల విధులు, చర్మవ్యాధుల పరీక్షలు వరుసగా వస్తాయి. దారి చూపేవాళ్లు లేకపోతే అక్కడ కాళ్లు లాగడం సహజం. నా క్లాసులో ఉన్నవాళ్ల బైబిళ్లలో రిబ్బను ఎక్కడ ఆగిందో చూస్తే చాలాసార్లు లేవీయకాండము 13 దగ్గరే ఉంటుంది. లేవీయకాండము గొప్ప పుస్తకం, నాకు చాలా ఇష్టం, హెబ్రీయులకు రాసిన పత్రికతో కలిపి చదివితే కళ్లు తెరుచుకుంటాయి. కానీ ఆరేళ్లు పడిపోయినవాళ్లు లేచి నిలబడే చోటు అది కాదు.

మీరు మార్కు సువార్త తీసుకోండి. నాలుగు సువార్తల్లో చిన్నది. సరిగ్గా 16 అధ్యాయాలు. హిజ్కియా మనుషులు దేవాలయం శుభ్రం చేసిన 16 రోజులకు రోజుకొక అధ్యాయం. పైకి చదవండి, పెదవులు కదలాలి. మామూలు వేగంతో పది నిమిషాలు పడుతుంది, పెద్ద అధ్యాయాలకు కాస్త ఎక్కువ. చదివాక వ్యాఖ్యానం వెతకొద్దు, వీడియో పెట్టొద్దు. ఎక్కడ మీ మనసు ఆగిందో ఆ వచనం నోటుబుక్కులో చేత్తో రాసుకోండి. ఒక్క వచనం చాలు. తెల్లవారుజామున నాలుగింటికే అని పట్టుపట్టకండి. మీ ఒంటికి అలవాటైన సమయంలో, ప్రతిరోజూ అదే చోట కూర్చోండి. ఆ పది నిమిషాలూ ఫోన్ వేరే గదిలో ఉండాలి. బైబిల్ యాప్‌లో చదువుతాను అంటారేమో, ఈ 16 రోజులకు మాత్రం కాగితం బైబిలే తీసుకోండి. మధ్యలో ఒక మెసేజ్ వస్తే ప్రభువు గలిలయ సముద్రం మీద గాలిని గద్దిస్తున్న చోట మీరు ఉండరు.

మరి ఒకరోజు తప్పిపోతే? తప్పిపోతారు. ఆరో రోజో, తొమ్మిదో రోజో జ్వరమో, ప్రయాణమో, ఉత్త బద్ధకమో వస్తుంది. ఇక్కడే హిజ్కియా కథలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఉంది. ఐగుప్తు నుంచి విడుదలను గుర్తుచేసుకునే పస్కా పండుగ మొదటి నెల 14వ తేదీన ఆచరించాలి. శుద్ధి పూర్తయింది 16వ తేదీన. రెండు రోజులు ఆలస్యం! పరిశుద్ధపరచుకున్న యాజకులు చాలినంతమంది లేరు, జనం కూడా యెరూషలేముకు చేరలేదు. అప్పుడు వాళ్లు, సరే, వచ్చే ఏడాది చూద్దాం అనుకోలేదు. రెండో నెలలో పస్కా ఆచరించాలని నిర్ణయించారు.

ఇది హిజ్కియా సొంతంగా కనిపెట్టిన వెసులుబాటు కాదు. సంఖ్యాకాండము 9లో కొందరు మోషే దగ్గరకు వచ్చి, శవాన్ని ముట్టడం వల్ల అపవిత్రులమయ్యాం, పస్కాకు ఎందుకు దూరం కావాలి అని అడిగారు. మోషే దేవుణ్ణి అడిగాడు. అలాంటివాళ్లూ, దూరప్రయాణంలో ఉన్నవాళ్లూ రెండో నెల 14న ఆచరించవచ్చు అని దేవుడు చెప్పాడు. తేదీ తప్పినవాళ్ల కోసం దేవుడే ధర్మశాస్త్రంలో ఇంకో తేదీ రాసి పెట్టాడు. నేను ఈ మాట చెప్పినప్పుడల్లా క్లాసులో ఎవరో ఒకరు తల దించుకుని కళ్లు తుడుచుకుంటారు. హిజ్కియా రోజుల్లో ఆ పస్కాకు వచ్చిన చాలామంది సరిగా శుద్ధి కూడా చేసుకోలేదు. రాజు వాళ్ల కోసం ప్రార్థించాడు, యెహోవా ఆ ప్రార్థన విని జనాన్ని స్వస్థపరిచాడు అని 30వ అధ్యాయంలో ఉంది. ఆ ఏడు రోజుల పండుగ సంతోషం చాలక ఇంకో ఏడు రోజులు పొడిగించుకున్నారు.

అందుకని చదవడం తప్పిపోతే బాకీ తీర్చకండి. ఆరో అధ్యాయం నిన్న చదవలేదని ఈరోజు ఆరు, ఏడు కలిపి లాగొద్దు. ఈరోజు ఆరు చదవండి. 16 రోజులు 22 రోజులైతే అవనివ్వండి. బాకీలు పేరుకోవడమే మనుషుల్ని పూర్తిగా మాన్పించేస్తుంది, నేను చూసింది అదే.

ప్రార్థన గురించి ఎక్కువ చెప్పను. మాటలు రానప్పుడు కీర్తనలు మీ నోరుగా వాడుకోండి. 13వ కీర్తనలో ఆరే వచనాలు, అది "ఎంతకాలము" అనే ప్రశ్నతో మొదలవుతుంది. 88వ కీర్తన చీకటిలోనే ముగిసిపోతుంది, చివర్లో స్తుతి కూడా లేదు, అయినా దేవుడు దాన్ని తన పుస్తకంలో ఉంచుకున్నాడు. పదిహేను నిమిషాలు నటించిన ప్రార్థన కంటే రెండు నిమిషాలు నిజం చెప్పడం మేలు.

ఒకటి మాత్రం గట్టిగా చెప్పాలి. కొన్నిసార్లు మనం విశ్వాసం చల్లారింది అనుకునేది నిజానికి అలసట. 1 రాజులు 19లో ప్రవక్త ఏలీయా చచ్చిపోతే బాగుండు అన్నప్పుడు దేవదూత వచ్చి ప్రసంగం చేయలేదు. తట్టి లేపి, లేచి భోంచేయి అన్నాడు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు. మళ్లీ పడుకోనిచ్చాడు. రెండోసారి లేపి మళ్లీ తినమన్నాడు. హోరేబుకు ప్రయాణం, దేవుని స్వరం, అవన్నీ ఆ తర్వాత. మీకు వారాల తరబడి నిద్ర లేకపోయినా, ఏ పనీ చేయబుద్ధి కాకపోయినా, బతకాలని అనిపించకపోయినా వెంటనే ఇంట్లోవాళ్లకు చెప్పి డాక్టర్ దగ్గరకు వెళ్లండి. అలా వెళ్లడం అవిశ్వాసం అని ఎవరైనా అంటే ఆ మాట నమ్మకండి.

ఏడాది మొదట ఇచ్చే వాగ్దాన వచనం గురించి కూడా అడిగారు, పోయినేడాది వచ్చింది నెరవేరలేదని. అది యిర్మీయా 29:11 అన్నారు. నిరీక్షణ కలుగజేసే, సమాధానకరమైన ఉద్దేశాల గురించిన ఆ మాట బబులోనులో చెరలో ఉన్నవాళ్లకు పంపిన ఉత్తరంలోది. దానికి ముందున్న వచనం చదవండి, 70 ఏళ్లు అని ఉంది. ముందు అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త రెండేళ్లలో అంతా తిరిగి వస్తుందని చెప్పాడు. జనానికి ఆ మాట తియ్యగా ఉంది, కానీ అది అబద్ధం. యిర్మీయా మాత్రం ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పిల్లల పెళ్లిళ్లు చేయండి, మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి అని రాశాడు. ఆ వాగ్దానం 12 నెలల్లో తీరాల్సిన కూపన్ లాంటిది కాదు. వాగ్దాన వచనం వస్తే సంతోషంగా తీసుకోండి, కానీ దాని అధ్యాయం మొత్తం చదవందే గోడకు అంటించకండి.

ఇక సంఘం. హిజ్కియా రోజుల్లో యాజకులు తక్కువై పని సాగకపోతే లేవీయులు వచ్చి సాయం చేశారు. ఆరేళ్లుగా మీరు చేసిన తీర్మానాలన్నీ మీకూ దేవునికీ మధ్యే ఉండిపోయాయని నా అనుమానం. మీ భర్తకు గానీ, భార్యకు గానీ, స్నేహితులకు గానీ చెప్పారా? 1755 ఆగస్టు 11న లండన్‌లో మెథడిస్టు ఉద్యమ నాయకుడు జాన్ వెస్లీ మొదటిసారి నిబంధన ఆరాధన జరిపినప్పుడు దాదాపు 1,800 మంది ఒకేసారి లేచి నిలబడి దేవునికి తమను అప్పగించుకున్నారు. ఇప్పుడు మెథడిస్టు సంఘాలు చాలాచోట్ల ఏడాది మొదటి ఆదివారం ఆ ఆరాధన జరుపుకుంటాయి. మొదటిది మాత్రం జనవరిలో జరగలేదు, ఆగస్టులో జరిగింది. ఆ ప్రార్థనలో నేను ఇది చేస్తాను, అది చేస్తాను అన్న జాబితా ఉండదు. నీవు వాడుకున్నా సరే, పక్కన పెట్టినా సరే, నేను నీ సొత్తు అన్నదే దాని సారం. అంతమంది మధ్య నిలబడి చెప్పిన మాట ఒక్కరికి బరువు కాదు, పక్కవాళ్లు కూడా మోస్తారు.

మీకు 1,800 మంది అక్కర్లేదు, ఒక్కరు చాలు. హెర్న్‌హూట్‌లో తలుపు తట్టినవాళ్లలాంటి ఒక్కరు. మా సంఘంలో ఒక పెద్దావిడ ఉండేవారు. నేను ఎండిపోయి ఉన్న ఆ 14 నెలల్లో ప్రతి గురువారం ఫోన్ చేసి, "ఈ వారం నీ కోసం నువ్వు ఏం చదువుకున్నావు నాయనా?" అని అడిగేవారు. క్లాసు కోసం చదివింది చెబితే, "అది కాదు, నీ కోసం" అనేవారు. నా దగ్గర జవాబు లేని గురువారాలు చాలా ఉన్నాయి. ఆవిడ తిట్టలేదు, మానలేదు కూడా. అలా అడిగేవాళ్లను ఈ వారంలోనే వెతుక్కోండి. ఆదివారం ఆరాధన, ప్రభువు బల్ల మానకండి. అయోగ్యంగా తీసుకుంటానేమో అని భయపడి నెలల తరబడి బల్లకు దూరంగా ఉన్నవాళ్లను చూశాను. 1 కొరింథీయులు 11లో పౌలు ప్రతి మనిషీ తన్ను తాను పరీక్షించుకుని ఆ రొట్టె తినాలి అన్నాడు. పరీక్షించుకుని వెళ్లిపోవాలి అనలేదు.

చివరిగా, మళ్లీ మీ సిగ్గు దగ్గరకే వస్తాను. మార్కు చదువుతూ 14వ రోజుకు వచ్చేసరికి కాస్త బరువుగా ఉంటుంది, ముందే చెబుతున్నాను. అందరూ వదిలేసినా నేను వదలను అని పేతురు తీర్మానం చేసేది అక్కడే. నీతో చావాల్సి వచ్చినా సరే అన్నాడు. మనసారా అన్నాడు. అదే అధ్యాయం ముగిసేలోపు ప్రధానయాజకుని ముంగిట్లో మంట దగ్గర చలి కాచుకుంటూ మూడుసార్లు ఆయనెవరో నాకు తెలియదన్నాడు. ఆరేళ్లలో ఆరు తీర్మానాలు తప్పినవాళ్లకు, ఒక్క రాత్రిలో తప్పిన పేతురు దగ్గరి బంధువే. ఆ అధ్యాయం చదివి పుస్తకం మూసేయకండి. 16వ రోజు సమాధి దగ్గర ఆ యువకుడు స్త్రీలతో, ఆయన శిష్యులతోను పేతురుతోను చెప్పండి అంటాడు. "పేతురుతోను" అన్న ఆ మాట నాలుగు సువార్తల్లో మార్కులోనే ఉంది. శిష్యులకు చెప్పమంటే అందులో నేను లేను అనుకునేవాడి పేరు పట్టి పిలిచారు.

17వ రోజు యోహాను 21 చదవండి. పేతురు రాత్రంతా వలలు వేశాడు, ఒక్క చేప పడలేదు. తెల్లారుతోంది. ఒడ్డున ఎవరో నిలబడి ఉన్నారు. పడవ దిగి ఒడ్డుకు వస్తే బొగ్గు నిప్పులు, వాటి మీద చేపలు, రొట్టె. ఆ బొగ్గుల మంటకు యోహాను వాడిన గ్రీకు మాట కొత్త నిబంధన మొత్తంలో రెండే చోట్ల ఉంది. ఒకటి ఇక్కడ, ఇంకొకటి పేతురు ఆయన్ని ఎరగనన్న ఆ ముంగిట్లో. అదే వాసన, అదే వెలుగు. యేసు అక్కడ కూర్చుని ముందు భోజనం పెట్టాడు. ఆ తర్వాత అడిగాడు. ఇంకెప్పుడూ అలా చేయనని మాట ఇస్తావా అని అడగలేదు. నన్ను ప్రేమిస్తున్నావా అని అడిగాడు, మూడుసార్లు. పేతురు ఈసారి ఏ తీర్మానమూ చేయలేదు. నీవు సమస్తము ఎరిగినవాడవు అన్నాడు. దానికి ప్రభువు, నా గొర్రెలను మేపు అని పని అప్పగించాడు.

ఆ అధ్యాయం మీరు ఒక్కరే ఉన్నప్పుడు, తెల్లవారుతుండగా చదవగలిగితే బాగుంటుంది. చదివాక వెంటనే లేవకండి, ఆ ప్రశ్నకు మీ జవాబు మీ మాటల్లో చెప్పండి, ఎంత చిన్నదైనా సరే. ఆ తర్వాత ఏ పుస్తకానికి వెళ్లాలి, లేవీయకాండమును ఎప్పుడు ఎలా పట్టుకోవాలి అన్నది అప్పుడు రాయండి, చెబుతాను. మధ్యలో ఆగిపోతే, ఆగిపోయాను అని కూడా రాయండి. ఈ 16 రోజులూ మీ కోసం ప్రార్థిస్తాను.